సొంత ఫాంటసీ గేమ్‌కి క్లాసులు ఎలా అమర్చుకోవాలి

సొంతంగా ఫాంటసీ రోల్-ప్లేయింగ్ గేమ్ రాసుకునేవాళ్ల నోట్‌బుక్‌లో మొదటి పేజీ దాదాపు ఎప్పుడూ క్లాసుల, అంటే ఆటగాడు ఎంచుకునే పాత్ర రకాల, పేర్ల జాబితాయే. నైట్, అసాసిన్, నెక్రోమాన్సర్, షామన్, డ్రాగన్ హంటర్, రూన్ మేజ్... ఇరవై దాటినా చెయ్యి ఆగదు. ఒక్కో పేరుకీ ఒక బొమ్మ మనసులో మెదులుతుంటుంది కాబట్టి ఏదీ కొట్టెయ్యబుద్ధి కాదు. తీరా ఆట మొదలయ్యాక చూస్తే అందులో సగం పేర్లు చేసే పని ఒకటే: శత్రువు పక్కకి వెళ్లడం, డి20 (ఇరవై ముఖాల పాచిక; డి6, డి8 కూడా ఇలాగే) వెయ్యడం, తగిలితే డామేజ్ చెప్పడం.

తన టర్న్ వచ్చినప్పుడు ఆటగాడు దేని గురించి ఆలోచించాలి, దేన్ని ఖర్చు పెట్టాలి, ఖర్చయింది మళ్లీ ఎప్పుడు చేతికొస్తుంది? వీటికి జవాబు వేరుగా ఉన్నప్పుడే అది వేరే క్లాస్. లేదంటే అది సబ్‌క్లాస్ (క్లాస్ లోపలి ఒక రకం) కావచ్చు, బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గతం) కావచ్చు, ఉత్త వేషం కావచ్చు. కింద రాసిందంతా ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది. అంకెలు అందరి దగ్గరా ఉండే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఐదో ఎడిషన్‌వి (2014లో వచ్చింది, 2024లో నిబంధనలు సవరించారు) తీసుకున్నాను, మీ సిస్టమ్ వేరైనా లెక్క కట్టే పద్ధతి ఇదే.

ముందు కాస్త చరిత్ర, ఎందుకంటే ఇప్పుడు మనం పడే తిప్పలన్నీ ఎవరో ఒకసారి పడ్డవే. 1974లో వచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మూడే క్లాసులు: ఫైటింగ్-మ్యాన్, మేజిక్-యూజర్, క్లెరిక్. ఫైటింగ్-మ్యాన్ ఏ ఆయుధమైనా పడతాడు, ఏ కవచమైనా తొడుగుతాడు. మేజిక్-యూజర్‌కి కవచం లేదు, చేతిలో బాకు తప్ప ఆయుధం లేదు, కానీ మంత్రాలున్నాయి. క్లెరిక్ కవచం వేసుకుంటాడు, పదునైన ఆయుధం ముట్టడు, లేచొచ్చిన శవాలను వెనక్కి తరుముతాడు. అతనికి మంత్రాలు రెండో లెవెల్ నుంచే. మూడింటికీ చేసేదీ, చేయలేనిదీ స్పష్టంగా ఉన్నాయి. ఒకటి తీసేస్తే పార్టీకి లోటు తెలుస్తుంది.

మరుసటి ఏడాది గ్రేహాక్ సప్లిమెంట్‌తో థీఫ్ వచ్చాడు. తాళాలు తీయడం, ఉచ్చులు తొలగించడం, చప్పుడు లేకుండా నడవడం, వీటన్నిటికీ శాతాల పట్టిక ఇచ్చారు. అంతకుముందు నేల పలకను కర్రతో తట్టి చూస్తానని ఎవరైనా అనేవాళ్లు, రిఫరీ (ఆట నడిపేవాడు) ఏదో ఒకటి చెప్పేవాడు. పట్టిక వచ్చాక "అది థీఫ్ పని కదా" అనే ఆలోచన మొదలైంది. పైగా మొదటి లెవెల్ థీఫ్‌కి ఆ శాతాలు చాలా తక్కువ. అంటే మిగతావాళ్ల నుంచి పని లాక్కుని, ఆ పని సరిగా చేయలేనివాడి చేతికిచ్చారు. కొత్త క్లాస్ రాసేటప్పుడు ఇది ప్రతిసారీ గుర్తుంచుకోవాలి. అందరూ చేసుకోగలిగిన పనిని ఒక క్లాస్ సొంతం చేయకండి. ఆ పనిలో ఆ క్లాస్‌కి మిగతావాళ్ల కంటే పైచేయి ఇవ్వండి, అంతే.

1989లో రెండో ఎడిషన్ ఏడీ అండ్ డీ (అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్) చేసిన అమరిక నాకు ఇప్పటికీ ఇష్టం. అన్నిటినీ నాలుగు గుంపుల్లో పెట్టారు: వారియర్, ప్రీస్ట్, రోగ్, విజార్డ్. హిట్ డై (ప్రాణబలం లెక్కకి వేసే పాచిక) గుంపుది: వారియర్‌కి డి10, ప్రీస్ట్‌కి డి8, రోగ్‌కి డి6, విజార్డ్‌కి డి4. ఎటాక్ లెక్కా, సేవింగ్ త్రోల (ఆపద నుంచి తప్పించుకోవడానికి వేసే పాచికల) పట్టికా కూడా గుంపువే. అందువల్ల పాలడిన్‌నో రేంజర్‌నో రాయాలంటే ఫైటర్‌కీ దానికీ ఉన్న తేడా రాస్తే చాలు. సొంత సిస్టమ్ రాసేవాళ్లకి ఇది ఎంత శ్రమ తగ్గిస్తుందో పన్నెండు క్లాసులకి విడివిడిగా సేవింగ్ త్రోలు రాసినవాళ్లకి తెలుస్తుంది.

2008లో నాలుగో ఎడిషన్ ఇంకో అడుగు ముందుకేసి గళ్లు గీసింది. ఒకవైపు డిఫెండర్, స్ట్రైకర్, లీడర్, కంట్రోలర్ అనే పాత్రలు. ఇంకోవైపు మార్షల్, ఆర్కేన్, డివైన్ అనే శక్తి మూలాలు. ఏ గడిలో ఎవరున్నారో, ఏ గడి ఖాళీగా ఉందో ఒక్క చూపులో తెలిసిపోయేది. గడులు బాగానే ఉన్నాయి. కానీ అన్ని క్లాసులకీ శక్తులు ఒకే తీరులో ఇచ్చారు: ఎప్పుడూ వాడేవి కొన్ని, పోరాటానికోసారి వాడేవి కొన్ని, రోజుకోసారి వాడేవి కొన్ని. ఫైటర్ ఆడినా విజార్డ్ ఆడినా చేతిలో ఉన్నది ఒకే రకం కార్డుల కట్ట అనిపించిందని చాలామంది ఫిర్యాదు చేశారు. గడులు రాసేవాడికి పనికొస్తాయి. ఆడేవాడికి మాత్రం ప్రతి క్లాస్‌లోనూ వేరే లయ దొరకాలి.

పేర్లను వడపోయడం

మీ జాబితాలో ప్రతి పేరు పక్కనా నాలుగు గడులు గీయండి. టర్న్‌లో వచ్చే ప్రశ్న. ఖర్చయ్యేది, తిరిగొచ్చే సమయం. పోరాటం లేనప్పుడు చేసే పని. అసలు చేయలేనిది. ఒక్కో గడిలో ఒక్క వాక్యానికి మించి రాయొద్దు. రెండు పేర్లకి మూడు గడులు కలిశాయంటే అవి ఒకే క్లాస్.

నెక్రోమాన్సర్‌నీ ఇల్యూజనిస్ట్‌నీ ఇలా పెట్టి చూడండి. ఇద్దరికీ ప్రశ్న "ఈ స్లాట్‌ని ఇప్పుడు ఖర్చు చేయాలా, దాచుకోవాలా" అన్నదే. స్లాట్ అంటే ఒక మంత్రం వేసే అవకాశం, ఇద్దరికీ అవి ముఖ్యంగా లాంగ్ రెస్ట్‌తోనే (పూర్తి విశ్రాంతి) వస్తాయి. ఇద్దరికీ బరువైన కవచం లేదు. మంత్రాల జాబితా మారింది తప్ప ఆలోచన మారలేదు, కాబట్టి విజార్డ్ కింద రెండు సబ్‌క్లాసులు.

పాలడిన్‌నీ క్లెరిక్‌నీ పెడితే సంగతి వేరు. పైకి ఇద్దరూ దేవుడి పేరు చెప్పుకునే కవచధారులే, కలిపేయాలనిపిస్తుంది. కానీ 2014 నాటి డివైన్ స్మైట్ (దెబ్బకి అదనపు డామేజ్ కలిపే పాలడిన్ శక్తి) చూడండి. దెబ్బ తగిలిందని తెలిశాకే స్లాట్ ఖర్చు పెట్టాలా వద్దా అని పాలడిన్ నిర్ణయించుకుంటాడు. మొదటి లెవెల్ స్లాట్‌కి 2డి8 (రెండు డి8 పాచికల మొత్తం), ఆపై ప్రతి లెవెల్‌కీ ఇంకో డి8, మొత్తం 5డి8 దాకా. క్రిటికల్ హిట్ పడితే ఆ పాచికలు కూడా రెట్టింపవుతాయి, కాబట్టి 20 పడగానే టేబుల్ చుట్టూ అందరూ పాలడిన్ వైపు తిరుగుతారు. క్లెరిక్ మంత్రం వేసేది ఫలితం తెలియకముందు, పాలడిన్ స్లాట్ తీసేది తెలిశాక. పందెం కాసే తీరే వేరు, కాబట్టి రెండూ నిజంగా రెండు క్లాసులు. (2024 నిబంధనల్లో స్మైట్‌ని బోనస్ యాక్షన్ (టర్న్‌లో దొరికే చిన్న అదనపు పని) తీసుకునే మంత్రంగా మార్చారు, టర్న్‌కి ఒక్కసారే. దెబ్బ తగిలాక నిర్ణయించుకునే వీలు మాత్రం ఉంచారు. ఉంచడమే సరైన పని.)

బార్బేరియన్ కూడా ఇలాగే నెగ్గుతుంది. 2014 నిబంధనల్లో మొదటి లెవెల్‌లో రేజ్ (కోపంతో రెచ్చిపోయే శక్తి) రోజుకు 2 సార్లే. మొదలుపెట్టాక టర్న్ గడిచేలోపు ఎవరి మీదా ఎటాక్ చేయకుండా, తనూ దెబ్బ తినకుండా ఉంటే అది చల్లారిపోతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి అన్నది ఫైటర్‌కి ఎప్పుడూ రాని ప్రశ్న. రేజ్‌లో ఉండగా మంత్రాలు వేయలేకపోవడం నాలుగో గడిని నింపుతుంది.

ఇక్కడ చిక్కు తెచ్చేది రేంజర్. 2014 రేంజర్‌కి అడవో, కొండో, ఎడారో ఏదో ఒక నేల ఎంచుకోమంటారు. ఆ నేల మీద పార్టీ దారి తప్పదు, తిండి వెతికితే రెట్టింపు దొరుకుతుంది. మిగతా చోట్ల ఆ ఫీచర్ పడుకుంటుంది. అంటే ఎంచుకున్న చోట ప్రయాణమనే సమస్యనే చెరిపేస్తుంది, వేరే చోట ఉన్నట్టే తెలియదు. రెండు వైపులా ఆటగాడు తీసుకునే నిర్ణయం లేదు. క్యాంపెయిన్ (చాలా రోజులు సాగే ఆట కథ) ఎక్కడ జరుగుతుందన్న దాని మీద విలువ ఆధారపడే ఫీచర్‌ని క్లాస్‌కి వెన్నెముకగా పెట్టకండి, పక్క ఫీచర్‌గా ఉంటే పర్లేదు.

నాలుగో గడి ఖాళీగా ఉందంటే, అంటే ఆ క్లాస్ చేయలేనిది ఏదీ మీకు తట్టకపోతే, ఆ క్లాస్‌ని ఇంకా రాయొద్దు. మంత్రాలూ, బరువు కవచమూ, తాళాలు తీయడమూ మూడూ ఉన్న క్లాస్ ఒకటి వస్తే మిగతా ముగ్గురు ఆటగాళ్లు చూస్తూ కూర్చోవాల్సిందే.

ఎన్ని ఉండాలి? ఆటగాళ్ల సంఖ్యకి రెట్టింపు చాలు. నలుగురికి ఎనిమిది. ఒక్కో క్లాస్‌కి రెండు సబ్‌క్లాసులు పెడితే పదహారు రకాలవుతాయి, ఏళ్ల తరబడి సరిపోతాయి. పన్నెండు క్లాసులు, 20 లెవెల్స్ అంటే 240 గడులు నింపాలి. ఎనిమిది క్లాసులు, 10 లెవెల్స్ అయితే 80. మొదటి వెర్షన్‌కి రెండోదే ఎంచుకోండి.

తిరిగొచ్చే సమయం: అసలు గొడవ ఇక్కడే

క్లాసుల మధ్య సమతూకం చెడిందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం డామేజ్ గురించి కనిపిస్తాయి. తవ్వి చూస్తే చాలాసార్లు కారణం విశ్రాంతి. అంకెలతో చూద్దాం.

ఐదో లెవెల్, శత్రువు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 15. ఫైటర్ స్ట్రెంత్ 18 (అంటే +4), ప్రొఫిషియెన్సీ (లెవెల్‌తో పెరిగే నైపుణ్యం) +3, కలిపి ఎటాక్ +7. డి20 మీద 8 పడితే చాలు, అంటే 65 శాతం. గ్రేట్‌సోర్డ్ 2డి6+4, సగటు 11. టర్న్‌కి రెండు ఎటాక్‌లు, కాబట్టి 22లో 65 శాతం: 14.3. క్రిటికల్స్, యాక్షన్ సర్జ్, ఫైటింగ్ స్టైల్ అన్నీ పక్కన పెట్టాను.

అదే లెవెల్ విజార్డ్ ఇంటెలిజెన్స్ 18, సేవ్ డీసీ (శత్రువు సేవింగ్ త్రోలో చేరాల్సిన అంకె) 15. ఫైర్‌బాల్ 8డి6, సగటు 28, సేవ్ నెగ్గినవాళ్లకి సగం. శత్రువుల డెక్స్‌టెరిటీ సేవ్ +2 అనుకుంటే 60 శాతం మంది ఓడతారు, తలకి సగటు 22.4. ముగ్గురు దొరికితే 67.2. ఫైర్‌బాల్ వేయని టర్న్‌లో ఫైర్ బోల్ట్ (స్లాట్ ఖర్చులేని మంత్రం): 2డి10, సగటు 11, 65 శాతంతో 7.15. ఫైర్‌బాల్‌కి కావాల్సిన మూడో లెవెల్ స్లాట్లు రెండే. షార్ట్ రెస్ట్‌లో (గంటసేపటి విరామం) ఆర్కేన్ రికవరీ అనే ఫీచర్ వాడుకుంటే ఇంకొకటి వస్తుంది.

రోజుకి ఒకే పోరాటం, నాలుగు రౌండ్లు అనుకోండి. ఫైటర్ 57.2. విజార్డ్ రెండు ఫైర్‌బాల్స్, రెండు ఫైర్ బోల్ట్స్: 148.7. రెండున్నర రెట్లు. ఫైటర్ ఆడేవాడి ముఖం వాడిపోతుంది, "విజార్డ్‌ని తగ్గించండి" అంటాడు.

అదే రోజుకి ఆరు పోరాటాలు, 24 రౌండ్లు అనుకోండి. ఫైటర్ 343.2. విజార్డ్ మూడు ఫైర్‌బాల్స్, 21 ఫైర్ బోల్ట్స్: 351.75. దాదాపు సమానం! 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు ఊహించుకుని రాసింది, అందుకే ఇలా కలుస్తుంది. ఫైర్‌బాల్‌లో తప్పేమీ లేదు. రోజుకి ఒకే పోరాటం పెట్టే క్యాంపెయిన్‌కి ఈ క్లాసులు కొలిచి కుట్టినవి కావు.

కాబట్టి క్లాసులు రాయకముందే మీ టేబుల్ దగ్గర రెండు లాంగ్ రెస్ట్‌ల మధ్య నిజంగా ఎన్ని పోరాటాలు జరుగుతాయో లెక్క వేసుకోండి. ఒకటో రెండో అయితే రెండు దారులు. లాంగ్ రెస్ట్‌ని సురక్షితమైన చోటికే పరిమితం చేయండి: ఊళ్లోనో కోటలోనో తప్ప స్లాట్లు పూర్తిగా తిరిగి రావు. లేదా రోజువారీ ఖర్చులన్నీ తీసేసి పోరాటానికోసారి నిండేవిగా మార్చండి, అప్పుడు పెద్ద మంత్రాల పాచికలు తగ్గించాలి. సగం సగం చేస్తే రెండు వైపులా చెడుతుంది.

షార్ట్ రెస్ట్ మీద బతికే క్లాస్‌ని ఒంటరిగా వదలొద్దు. 2014 వార్‌లాక్‌కి రెండో లెవెల్ నుంచి పదో లెవెల్ దాకా రెండే స్లాట్లు, గంటసేపు ఆగితేనే నిండుతాయి. పార్టీలో మిగతా అందరూ లాంగ్ రెస్ట్ క్లాసులైతే "గంట ఆగుదాం" అని అడిగేది ఇతనొక్కడే, ప్రతిసారీ బతిమాలుకోవాలి. ఎనిమిది క్లాసుల్లో కనీసం మూడింటికి షార్ట్ రెస్ట్‌తో లాభం ఉండేలా చూసుకుంటే ఈ బాధ ఉండదు.

లెవెల్స్ పట్టిక

అన్ని క్లాసులకీ ఒకే వెన్నెముక ముందు రాయండి. ప్రొఫిషియెన్సీ బోనస్ పెరిగే లెవెల్స్ (ఐదో ఎడిషన్‌లో 5, 9, 13, 17), ఎబిలిటీ స్కోర్లు పెరిగే లెవెల్స్ (4, 8, 12, 16, 19), సబ్‌క్లాస్ ఫీచర్లు వచ్చే లెవెల్స్. ఈ మూడోదాన్ని 2014లో క్లాస్‌కో తీరుగా వదిలేశారు: ఫైటర్‌కి 3, 7, 10, 15, 18, రోగ్‌కి 3, 9, 13, 17, విజార్డ్‌కి 2, 6, 10, 14. ఒక సబ్‌క్లాస్‌ని రెండు క్లాసులకి పంచుదామంటే కుదరదు. 2024లో అన్ని క్లాసులకీ సబ్‌క్లాస్ మూడో లెవెల్‌లోనే మొదలయ్యేలా మార్చారు.

ఆ మార్పు వెనక ఇంకో లాభం ఉంది. క్లెరిక్, సోర్సరర్, వార్‌లాక్ 2014లో మొదటి లెవెల్‌లోనే సబ్‌క్లాస్ తెచ్చుకునేవి. మల్టీక్లాసింగ్ (ఒకే పాత్ర వేర్వేరు క్లాసుల లెవెల్స్ తీసుకోవడం) ఉన్న ఆటలో మొదటి లెవెల్ బరువుగా ఉంటే అందరూ అక్కడ ఒక్క లెవెల్ తీసుకుని వెళ్లిపోతారు. లైఫ్ డొమైన్ క్లెరిక్ మొదటి లెవెల్‌తోనే బరువు కవచం వచ్చేస్తుంది, విజార్డ్‌కి అంతకన్నా చవకగా కవచం ఎక్కడ దొరుకుతుంది?

దీనికి మందు: మొదటి లెవెల్‌లో ఆ క్లాస్ ఎలా ఆడాలో నేర్పే ఒక్క ఫీచర్ పెట్టండి, అది ఆ క్లాస్ లెవెల్‌తోనే పెరగాలి. రోగ్ స్నీక్ ఎటాక్ (అదను చూసి కొట్టే దెబ్బకి అదనపు డామేజ్) చక్కని నమూనా. మొదటి లెవెల్‌లో 1డి6, ప్రతి బేసి లెవెల్‌కీ ఒక డి6 చొప్పున 19వ లెవెల్‌లో 10డి6. ఒక్క లెవెల్ తీసుకుని పోయినవాడికి డి6 దగ్గరే ఆగిపోతుంది. దీనికి పూర్తి వ్యతిరేకం 2014 ఎల్డ్రిచ్ బ్లాస్ట్ (వార్‌లాక్ దాడి మంత్రం). అది పాత్ర మొత్తం లెవెల్‌తో పెరుగుతుంది, దాని డామేజ్ పెంచే అగొనైజింగ్ బ్లాస్ట్ వార్‌లాక్ రెండో లెవెల్‌కే దొరుకుతుంది. రెండు లెవెల్స్ పెట్టుబడితో జీవితాంతం ఆదాయం.

పెద్ద అంగలన్నీ ఒకే లెవెల్‌లో పడాలి. ఐదో లెవెల్‌లో ఫైటర్‌కి రెండో ఎటాక్, విజార్డ్‌కి మూడో లెవెల్ మంత్రాలు ఒకేసారి రావడం యాదృచ్ఛికం కాదు. ఒకరికి నాలుగులో, ఇంకొకరికి ఆరులో పెడితే ఆ మధ్య ఆడే రోజులన్నీ ఒకరు నీడలో ఉంటారు. పట్టికలో ఏమీ లేని లెవెల్ ఉంటే దాన్ని నింపడానికి చిన్న చిన్న +1లు అతికించకండి, పై లెవెల్ ఫీచర్‌ని కిందికి లాగండి.

సేవింగ్ త్రోల విషయంలో ఐదో ఎడిషన్ పాటించిన నియమం చాలామంది గమనించరు. ప్రతి క్లాస్‌కి రెండు సేవ్‌లు: తరచుగా పనికొచ్చే డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, విజ్డమ్‌లలో ఒకటి, అరుదుగా వచ్చే స్ట్రెంత్, ఇంటెలిజెన్స్, కరిష్మాలలో ఒకటి. పన్నెండు క్లాసులూ దీన్నే పాటిస్తాయి. నేరుగా తీసుకుని వాడుకోవచ్చు.

పుస్తకంలో వరుస, తర్వాత పరీక్ష

క్లాసులను అక్షర క్రమంలో పెట్టకండి. అలా పెడితే 2014 పుస్తకంలో లాగా బార్బేరియన్ తర్వాత వెంటనే మంత్రాలున్న బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్ వరసగా వస్తాయి, ఫైటర్ దాకా చేరేసరికి కొత్తవాళ్లు అలిసిపోతారు. మొదటి పాచిక పడేలోపు ఎన్ని ఎంచుకోవాలో లెక్కపెట్టి ఆ వరుసలో పెట్టండి. స్కిల్సూ సామానూ అందరికీ ఉండేవే, అవి వదిలేస్తే ఫైటర్‌కి ఒక ఫైటింగ్ స్టైల్. విజార్డ్‌కి మూడు క్యాంట్రిప్‌లు (స్లాట్ ఖర్చులేని మంత్రాలు), స్పెల్‌బుక్‌లోకి ఆరు మంత్రాలు, వాటిలో ఈ రోజుకి ఏవి సిద్ధం చేసుకోవాలో మళ్లీ ఎంపిక. డ్రూయిడ్ రెండో లెవెల్ నుంచి జంతువుగా మారగలడు, ఆ జంతువుల లెక్కలు కూడా కావాలి, కాబట్టి చివర్లో ఉంచి, మూడు జంతువుల లెక్కలు ఆ పేజీలోనే అచ్చు వేయండి.

పరీక్షకి మూడు సన్నివేశాలు చాలు. ఒకే పెద్ద శత్రువు, పది మంది చిన్న శత్రువులు, కత్తి తీయకుండా గట్టెక్కాల్సిన చోటు ఒకటి. అవే పాత్రలతో, మధ్యలో ఒక షార్ట్ రెస్ట్ ఇచ్చి ఆడించండి. పక్కన కాగితం మీద ప్రతి టర్న్‌కీ రెండు గుర్తులు: ఆటగాడు రెండు పనుల్లో ఏదా అని తటపటాయించాడా, అతని పని వల్ల పరిస్థితి మారిందా. మొదటి గుర్తు ఎక్కడా లేకపోతే ఆ క్లాస్‌కి ప్రశ్న లేదు. మొదటిది ఉండి రెండోది లేకపోతే అంకెలు తక్కువ. మూడో సన్నివేశంలో ఒకే క్లాస్ పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తే, దాని నుంచి ఒక స్కిల్ తీసి, ఆ రోజు పాచిక వెయ్యని క్లాస్‌కి ఇవ్వండి.

బలహీనంగా తేలిన క్లాస్‌కి వెంటనే కొత్త ఫీచర్ తగిలించాలనిపిస్తుంది. ఆగి, ఉన్న ఫీచర్‌ని ఒక లెవెల్ ముందుకు జరిపి మళ్లీ ఆడించండి, చాలాసార్లు అంతే సరిపోతుంది. ఇక వడపోతలో మిగిలిపోయిన పేర్లు, ఆ డ్రాగన్ హంటర్లూ రూన్ మేజ్‌లూ, పారెయ్యక్కర్లేదు. రెండు స్కిల్స్, ఒక పనిముట్టు, ఊళ్లో ఒక పరిచయం కలిపి బ్యాక్‌గ్రౌండ్‌గా రాయండి. ఏ క్లాస్ తీసుకున్న ఆటగాడైనా దాన్ని వేసుకోవచ్చు.